మృతునికి అభ్యంతరం లేదు

మా వ్యాపారంలో అన్నిటికన్నా ముఖ్యమైన సామాను చచ్చిపోయిన తాత.

సోఫాలు అద్దెకి దొరుకుతాయి. కర్టెన్లు, పూలకుండీలు, ఎవరూ చదవని లావుపాటి పుస్తకాలు, అన్నీ దొరుకుతాయి. మంచి తాత దొరకడమే కష్టం. మీసం ఉండాలి గానీ కోపం ఉండకూడదు. తలపాగా ఉంటే పొలం గట్ల తగాదా గుర్తొస్తుంది, సూటు వేసుకుంటే బ్యాంకు జప్తు గుర్తొస్తుంది. పంచె, లాల్చీ, భుజం మీద కండువా, చూపులో "భోంచేశావా నాయనా" అన్న పలకరింపు ఉన్నవాడే సరైన తాత. అలాంటాయనకి ఫ్రేము కట్టించి, గంధపు దండ వేసి, హాల్లో తగిలిస్తే, కొనడానికి వచ్చినవాడు బేరమాడే గొంతు కాస్త తగ్గిస్తాడు. పెద్దాయన వింటున్నాడు కదా!

నా పేరు పట్నాల శేషాచలం. విశాఖపట్నంలో 'శుభదృష్టి హోమ్ స్టేజింగ్' నాదే. అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇంటిని నలుగురు కాపురం చేస్తున్న ఇల్లులా ముస్తాబు చేయడం మా పని. ఖాళీ ఇల్లు చూపిస్తే మనవాళ్ళకి ముందుగా గోడల్లో చెమ్మ కనిపిస్తుంది, తర్వాత దెయ్యం కనిపిస్తుంది. అదే ఇంట్లో గుమ్మం పక్కన చిన్నపిల్లల చెప్పులు, టేబుల్ మీద మామిడిపళ్ళు, గోడ మీద తాత ఉన్నారనుకోండి, చెమ్మ కూడా చలవగా ఉంటుంది. ఇందులో మోసం లేదు. పెళ్ళికొడుకుని చూపించేటప్పుడు అతను నిద్రలో పెట్టే గురక ఎవరూ వినిపించరు కదా.

వకుళ టీచరుగారి ఫ్లాటు నా చేతికి అలాగే వచ్చింది. ఆవిడ మాకు హైస్కూల్లో సోషల్ చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు, ఎవరికీ తల వంచలేదు, రిటైరయ్యాక మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ బిల్డింగుకి లిఫ్టు ఉందని బ్రోచర్లో బొమ్మ వేశారు. బొమ్మే వేశారు. కిందటేడు ఆ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుని, బొబ్బిలిలో చెల్లెలి ఇంటికి చేరారు. ఇప్పుడు నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని గదిలో నడుస్తారు. మెట్టు మాత్రం ఎక్కలేరు.

"శేషూ, మా చెల్లెలి వీధిలోనే ఒక పెంకుటిల్లు అమ్ముతున్నార్రా" అన్నారు ఫోన్లో. "ఒక్క మెట్టు లేదు. వసారాలోంచి వీధిలోకి వాలుగా దిగిపోవచ్చు. ఒకరి చెయ్యి పట్టుకోకుండా నేను బయటికి రాగల ఇల్లు అదొక్కటే. కూరలబండి వాడితో బేరమాడి ఏడాదయిందిరా. వాళ్ళేది తెస్తే అదే తింటున్నాను."

క్లాసులో ముప్పై మందిని కనుసైగతో కూర్చోబెట్టిన మనిషి, వంకాయల బేరానికి మొహం వాచిపోయారు.

ఆ ఇంటాయన ఆషాఢం వచ్చేదాకా ఆగుతానన్నాడట. ఈ ఫ్లాటు అమ్మితేనే ఆ ఇల్లు కొనగలరు. ఆషాఢంలో కొత్తింట్లో ఎవరూ పాలు పొంగించరు, శ్రావణం దాకా ఆయన ఆగడు. పైగా మా రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా మూడో అంతస్తులోనే ఉంది. దానికి లిఫ్టు ఉంది. 'మరమ్మత్తులో ఉన్నది' అన్న బోర్డు రంగు వెలిసిపోతే, లిఫ్టు అలాగే ఉంచి బోర్డు కొత్తది పెట్టారు. అందుకని టీచరుగారు, ఆవిడ చేయగల సమస్త పనులూ ఆవిడ తరఫున నేను చేయొచ్చునంటూ, బొబ్బిలిలోనే నా పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి రిజిస్టరు చేయించారు.

"నేను పోతే ఈ కాగితం కూడా పోతుందట. కాబట్టి నువ్వు తొందరపడు, నేను నెమ్మదిస్తాను" అన్నారు.

నేను తొందరపడ్డాను. నలుగురి చెప్పులు, బాత్రూంలో నాలుగు బ్రష్షులు, బాల్కనీలో తులసికోట, టేబుల్ మీద ప్లాస్టిక్ మామిడిపళ్ళు పెట్టాను. ఫ్రేముల కొట్లో చాలాకాలంగా ఎవరూ పట్టుకెళ్ళని ఒక తాత ఉంటే, అద్దెకి తెచ్చి దండ వేసి తగిలించాను. మొదటి ఆదివారమే ప్రమీల అనే బ్యాంకు ఉద్యోగిని భర్తతో వచ్చి చూసింది. వంటగది చూడకుండా తాత ముందు నిలబడిపోయింది. "ఆ చూపులో దీవెనుందండీ" అంది. భర్త అడ్వాన్సు ఇచ్చేశాడు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. సరిగ్గా అప్పుడే పైనుంచి సర్క్యులర్ ఊడిపడింది.

ఎక్కడో ఎవడో పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని, అద్దెకున్నవాళ్ళతో సహా ఒక ఇల్లు అమ్మేశాడట. కొన్నాయన పూజారిని వెంటబెట్టుకుని గృహప్రవేశానికి వెళితే లోపల వేరేవాళ్ళ నిశ్చితార్థం జరుగుతోందట. వీళ్ళ పూజారీ వాళ్ళ పూజారీ ముహూర్తం గురించి కొట్టుకున్నారట. దాంతో ప్రభుత్వానికి కాగితాల మీద నమ్మకం పోయింది. తన కాగితాల మీదే అనుకోండి. ఇకమీదట పవర్ ఆఫ్ అటార్నీ మీద ఏ ఇల్లు అమ్మాలన్నా, ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో కళ్ళారా చూసి నిర్ధారించడానికి 'నివాస దృశ్య నిర్ధారణ విభాగం' వెలిసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కగదే వాళ్ళకిచ్చారు. గుమ్మం మీద 'కాగితము అబద్ధమాడును, కన్ను అబద్ధమాడదు' అని బోర్డు రాయించారు.

విభాగానికి అధికారి గేదెల నిటలాక్షరావుగారు. లంచం ముట్టని మనిషి. అదే వచ్చిన చిక్కు. ముట్టేవాడైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆయన అటెండరుతో వచ్చి గుమ్మంలోనే ఆగారు.

"పాదరక్షలు!" అన్నారు.

"అలంకారానికి పెట్టామండీ."

"చెప్పులతో అలంకరించుకుంటారా మీ ఇళ్ళల్లో?" అని అటెండరు వైపు తిరిగారు. "రాయవయ్యా. ద్వారము వద్ద పాదరక్షలు కనబడినవి. పాదములు సమీపముననే ఉండునని భావించవలెను."

బాత్రూంలో బ్రష్షులు చూశారు. దంతములు కలవారు నలుగురు అని రాయించారు. తులసికోటకి పొద్దున్నే నీళ్ళు పోయించాను, అదీ నా ప్రాణానికొచ్చింది. మట్టి తడిగా ఉన్నది, గృహిణి కలదు అని రాయించారు. టేబుల్ దగ్గరికి వచ్చి మామిడిపళ్ళను అటునుంచీ ఇటునుంచీ చూశారు.

"ఫలములు తాజాగా ఉన్నవి."

"అవి ప్లాస్టిక్‌వండీ. కావాలంటే కొరికి చూడండి."

ఆయన నొచ్చుకున్నారు. "మాది దృశ్య నిర్ధారణ విభాగమండీ. రుచి మా పరిధిలోకి రాదు."

"పోనీ ముట్టుకుని చూడండి."

"స్పర్శకి కూడా మాకు అధికారం సంక్రమింపజేయలేదు."

తర్వాత హాల్లో గోడ దగ్గరికి వచ్చి, తాతని చూసి, చెప్పులు విడిచారు. మనిషి మంచివాడని ముందే చెప్పాను.

"వీరెవరు?"

"ఎవరూ కాదండీ."

"ఎవరూ కానివారికి దండ వేయరు" అన్నారు నెమ్మదిగా.

మర్నాడు మెమో వచ్చింది. సదరు గృహమునందు దంతములు కల నలుగురు వ్యక్తులు నివసించుచున్నట్లును, వారి కుటుంబ పెద్ద స్వర్గస్థులైనట్లును కంటికి కనబడినందున, వారి సమ్మతి లేనిదే విక్రయము కుదరదు అని దాని సారాంశం. నేను మూడంతస్తులూ ఎక్కి వెళ్ళి, పవర్ ఆఫ్ అటార్నీ చూపించి, యజమానురాలి మాటగా చెబుతున్నాను, ఆ ఇంట్లో ఎవరూ లేరన్నాను.

"అది కాగితం" అన్నారు నిటలాక్షరావుగారు. బోర్డు వైపు చూడమన్నట్టు గడ్డం ఎత్తారు.

సరే, కన్నే కావాలి కదా అని, ఆ సాయంత్రమే వ్యాను పెట్టి సామానంతా ఎత్తించేశాను. చెప్పు లేదు, బ్రష్షు లేదు, తులసి లేదు, తాత లేడు. మళ్ళీ తనిఖీకి అర్జీ పెట్టుకున్నాను. ఆయన వచ్చి నాలుగు గోడల మధ్యా నిలబడి, చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఎక్కడ వాళ్ళు?" అన్నారు చివరికి.

"ఎవరండీ?"

"ఆ పిల్లలు! ఆ చిన్న చెప్పుల జత! విచారణ నడుస్తుండగా ఒక కుటుంబాన్ని రాత్రికి రాత్రి రోడ్డున పడేశావా? చచ్చిపోయిన ముసలాయన్ని కూడా వదల్లేదా?" ఆయన కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి. "మనిషివేనా నువ్వు?"

నా వృత్తి జీవితంలో ఇంత గొప్ప మెప్పు నాకెవరూ ఇవ్వలేదు. సంతోషించే స్థితిలో మాత్రం లేను. నిర్ధారణలో ఉన్న సాక్ష్యమును ఎవ్వరూ ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదు, తొలగించినచో యథాస్థానమున నిలుపవలెను అని రెండో మెమో వచ్చింది. కింద ఆయన సంతకం, దాని కింద ఎర్రసిరాతో గీత. వ్యాను మళ్ళీ వచ్చింది. తాత మళ్ళీ గోడెక్కాడు.

టీచరుగారికి ఫోన్లో చెప్పాను.

"మా ఇంట్లో తాతేమిట్రా? మా తాత బోడిగుండు, ఫొటో కూడా లేదు. ఆ నలుగురూ ఎవరు?"

"ఎవరూ లేరు టీచరుగారూ. వాళ్ళ చెప్పులు మాత్రం ఉన్నాయి."

"నేను సివిక్స్ సరిగ్గా చెప్పలేదంటావా?" అన్నారు.

నలుగురి సంగతి సులువుగానే తేలింది. వాళ్ళు ఎదురుపడి అభ్యంతరం చెప్పలేదు కాబట్టి, మౌనం అంగీకారం కింద లెక్క. చిక్కంతా తాతతోనే వచ్చింది. చనిపోయినట్టు ధ్రువీకరణ కావాలి, వారసులు తేలాలి. పేరే లేని మనిషికి వారసుల్ని ఎక్కణ్ణుంచి తేను? విభాగమే నా ఖర్చు మీద పేపర్లో ప్రకటన వేసింది. దండతో సహా తాత ఫొటో, కింద 'వీరి వారసులెవరైననూ ఉన్నచో హాజరు కాగలరు.'

మూడో అంతస్తు దాకా లైను కట్టారండీ. ముక్కు చూపించినవాడొకడు, మీసం చూపించినవాడొకడు. ఒకావిడ ఫొటో చూడగానే "నాన్నా" అని ఏడ్చి, ఇంతకీ ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులని అడిగింది. ఒకాయన వివాదం ఎందుకని తన వాటాకి బాల్కనీ చాలన్నాడు. ఆ గుంపులోంచి పంచె, లాల్చీ, భుజం మీద కండువాతో ఒక ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటి బాబూ, నన్ను సంపేసినావట?" అన్నాడు.

సాక్షాత్తూ మా తాత! దండ ఒక్కటే లేదు.

ఆయన పేరు మజ్జి సింహాద్రి. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. "నేను పోయేక మా పిల్లలు ఆదార్ కార్డు మీది మొగాన్ని పెద్దది సేసి గోడకి తగిలిత్తారు బాబూ. ఆ మొగం సూత్తే కాకులు కూడా పిండం ముట్టవు. అందుకని ముందే మంచిది తీయించుకున్నాను. ఇంటికి తెత్తే మా ముసిల్ది ఏడుత్తాదని, కొట్లోనే ఉంచమన్నాను. నాకు దండ పడే వరకూ ఆగలేకపోయేవా?"

ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేసి, టీచరుగారి సంగతి, ఆ మెట్లు లేని ఇంటి సంగతి చెప్పాను. ఆయన తల ఊపాడు. "మా ముసిల్ది కూడా మెట్లెక్కలేదు. పద, నేను బతికున్నానని సెప్పేత్తాను, అయిపోద్ది."

అయిపోలేదు. నిటలాక్షరావుగారు ఫ్లాటు నుంచి తనే తెప్పించుకున్న ఫొటోనీ సింహాద్రి తాతనీ పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూశారు.

"పోలిక సరిపోలేదు" అన్నారు. "ఫొటోలోని వ్యక్తికి దండ ఉన్నది. వీరికి లేదు."

"బతికున్నోడికి దండెందుకుంటాది బాబూ?"

"అదే నేనూ అంటున్నాను. వారు వేరు, మీరు వేరు."

సింహాద్రి తాతకి పౌరుషం వచ్చింది. ఫ్రేము మీది దండ లాగి తన మెళ్ళో వేసుకుని, మీసం దువ్వి, ఛాతీ విరిచి నిలబడ్డాడు. "ఇప్పుడు సూడు!"

నిటలాక్షరావుగారు చూశారు. మొహం విప్పారింది. "ఇప్పుడు అక్షరాలా సరిపోయింది" అని అటెండరుకి చెప్పసాగారు. "రాయవయ్యా. దండ కల వ్యక్తియు, ఫొటోలోని వ్యక్తియు ఒక్కరే. దండ మరణమునకు చిహ్నము. కావున మృతుడు స్వయముగా హాజరై తన మరణమును ధ్రువీకరించినారు." తలెత్తి అడిగారు. "ఈ అమ్మకం మీద మీకేమైనా అభ్యంతరం ఉందా?"

"నాకేటి అబ్బెంతరం? ఆ తల్లి సుఖంగుండాల."

"మృతునికి అభ్యంతరము లేదు. వారసుల ప్రసక్తి ఇక లేదు."

సింహాద్రి తాతకి అప్పుడు వెలిగింది. "మరి నా పింఛనీ?"

"అది వేరే విభాగమండీ. వాళ్ళు కళ్ళతో చూడరు. అంచేత మీరు వాళ్ళకి బతికే ఉంటారు" అని ఆయన ధైర్యం చెప్పారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అమావాస్య దగ్గరికొచ్చేసింది, దాటితే ఆషాఢమే. ఇక సంతకమే కదా అనుకుంటే, నిటలాక్షరావుగారు కలం మూత పెట్టేశారు.

"ఒక్క లోపం ఉంది. ఆ ఇంట్లో మృతులు కనబడ్డారు, నివసించువారు కనబడ్డారు. యజమానురాలు ఎక్కడా కనబడలేదు. ఆవిడ జీవించి లేకపోతే మీ అధికారం కూడా లేదు. జీవించి ఉంటే కనబడాలి."

"సార్, ఆవిడ మెట్లు ఎక్కలేకే కదండీ నాకు అధికారం రాసిచ్చింది!"

"రాసిచ్చారు. కాగితం" అన్నారాయన జాలిగా.

శుక్రవారం నాడు టీచరుగారు బొబ్బిలి నుంచి కారులో వచ్చారు. ఆ దూరం ఆ తుంటితో ఎలా కూర్చున్నారో ఆవిడకే తెలియాలి. ఆఫీసు కింద సైకిల్ స్టాండు దగ్గర కారాపించి, నేను పైకి పరుగెత్తాను. ఒక్కసారి కిందికి వచ్చి చూడండి సార్ అన్నాను.

"ఇళ్ళయితే వచ్చి చూస్తాం. మనుషుల విషయంలో ఈ విభాగం దృష్టి ఈ గది వరకే మంజూరైంది."

"కిటికీలోంచి చూడండి పోనీ. చెయ్యి ఊపుతారు."

"అద్దంలోంచి చూస్తే అది అద్దం చూపు అవుతుంది, ప్రత్యక్షం కాదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురి చేత మోయించండి. నేనేమీ అనుకోను."

కిందికి వచ్చి ఆ మాట చెప్పాను. టీచరుగారు కారులోంచి ఆ మెట్లని చూశారు. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"బియ్యం బస్తాలా మోయించుకోడానికి కాదురా నేను అధికారం రాసిచ్చింది" అన్నారు. "పోనీలే. వెనక్కి తిప్పమను. ఇల్లు లేకపోతే లేదు."

అప్పుడు నాకొచ్చిన కోపం చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా లేనిది ఉన్నట్టు చూపించి బతుకుతున్నవాణ్ణి నేను. ఉన్న మనిషిని ఉన్నట్టు చూపించలేకపోతున్నాను! ఆ మెట్ల మీదే కూలబడ్డాను. ఎదురుగా సైకిల్ స్టాండు. ఈ మధ్య అందులో సైకిళ్ళు లేవు, మూడు వైపులా గోడ, పైన రేకు. ఎవడైనా కొనడానికి వస్తే దీన్ని ఎలా ముస్తాబు చేస్తానా అని అలవాటు కొద్దీ ఆలోచించాను. ఆలోచిస్తూ లేచి నిలబడ్డాను.

"టీచరుగారూ, సోమవారం దాకా ఊళ్ళోనే ఉండండి" అన్నాను.

రెండో శనివారం, ఆదివారం ఆఫీసుకి సెలవు. వాచ్‌మన్‌ని అడిగితే, ఖాళీ స్టాండు ఊడ్పించి సున్నం వేయిస్తానంటే ఎవరొద్దంటారన్నాడు. సున్నం వేయించాను, మోకాలెత్తు వరకూ నీలం రంగు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన టేబుల్, దాని మీద అద్దం, అద్దం కింద పోయినేటి క్యాలెండరు. నొక్కితే మోగని గంట. పాత కాగితాల కొట్టు నుంచి తెచ్చి ఎర్రనాడాలు కట్టిన ఫైళ్ళు, వాటి మీద చల్లిన దుమ్ము. సందర్శకులకి ఒక కాలు పొట్టి బెంచీ. అధికారి కుర్చీ వీపుకి తెల్లటి తువాలు కప్పాను. తువాలు లేని కుర్చీలో మన ఊళ్ళో ఎవరూ అధికారిని చూడలేరు. వాళ్ళ బోర్డుని చూసి అలాంటిదే రాయించి ముందువైపు రేకుకి కట్టాను. గోడ బోసిగా ఉందనిపించి, ఏదో సన్మానంలో నిటలాక్షరావుగారు శాలువాతో దిగిన ఫొటో సంపాదించి, పెద్దది చేయించి ఆ కుర్చీ వెనకగోడకి తగిలించాను.

సాయానికొచ్చిన సింహాద్రి తాత ఆ ఫొటోని ఎగాదిగా చూశాడు. తన జేబులోంచి ఆవేళ మెళ్ళో వేసుకున్న గంధపు దండ తీశాడు. "దండ లేకపోతే బోసిగున్నాది బాబూ" అని వేసేశాడు.

వద్దందామని నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను.

సోమవారం పొద్దున్న తొమ్మిదికే బెంచీ నిండిపోయింది. వచ్చినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. గర్భిణీ స్త్రీలు, చేతికర్రల వాళ్ళు "హమ్మయ్య, కిందికి మార్చారు" అని కూర్చున్నారు. టీచరుగారు తన నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నడుచుకుంటూ వచ్చి వరసలో మొదట నిలబడ్డారు.

పదకొండింటికి నిటలాక్షరావుగారు వచ్చారు. మెట్టు మీద ఒక కాలు వేసి, ఆగి, చూశారు. బోర్డు చూశారు. దుమ్ము చూశారు. జనాన్ని చూశారు. చివరికి తువాలు చూశారు.

"కార్యాలయం మారినట్టు నాకు ఉత్తర్వులేమీ రాలేదే" అన్నారు అటెండరుతో.

"ఉత్తరువు కాగితమే గదండీ" అన్నాడు అటెండరు, రోజూ మెట్లెక్కి టీ మోసేవాడు. "ఇది ఎదురుగా కనబడతంది."

ఆయన తన సిద్ధాంతం ముందు తల వంచారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గంట నొక్కారు. అది మోగకపోయేసరికి పూర్తిగా నమ్మకం కుదిరింది.

"ఎవరు ముందు?"

"తంగిరాల వకుళ. ఫ్లాటు యజమానురాలిని" అన్నారు టీచరుగారు.

ఆయన తలెత్తి చూశారు. "సజీవంగా కనబడినారు" అని సంతకం పెట్టేశారు. తలెత్తి చూడటానికి పట్టినంతసేపే పట్టింది. దానికోసం ఆవిడ బొబ్బిలి నుంచి నొప్పి మోసుకొచ్చారు.

ఆ తర్వాత నేను ఒక్కణ్ణే పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి, ప్రమీల దంపతులకి రిజిస్ట్రేషన్ చేసి దిగాను. అమావాస్యకి ముందే బొబ్బిలిలో పాలు పొంగాయి. పాలు పొంగిన మర్నాడే టీచరుగారు ఫోన్ చేశారు. వెనక బండివాడి గొంతు వినబడుతోంది. "ఉండరా శేషూ, వీడు ముదిరిపోయిన బెండకాయల్ని లేతవంటున్నాడు, వీణ్ణి తేల్చి మాట్లాడతాను" అని పెట్టేశారు. మళ్ళీ చేయలేదు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

విభాగం సైకిల్ స్టాండులోనే స్థిరపడిపోయింది. శ్రావణంలో పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళు మూడో అంతస్తు గది తాళం వేసి ఉండటం చూశారు, కింద గోడ మీద దండ వేసిన ఫొటో చూశారు. విధి నిర్వహణలో అస్తమించిన అధికారికి సంతాప తీర్మానం చేసి, రెండు నిమిషాలు మౌనం పాటించారు. నిటలాక్షరావుగారు కూడా లేచి నిలబడి పాటించారట, ఎవరికో తెలియక. ఆ నెల నుంచి ఆయన జీతం ఆగిపోయింది. వెళ్ళి నేను బతికే ఉన్నానంటే, ఫొటోకి దండ ఉంది, మీకు లేదన్నారట.

మొన్న ఒక మధ్యాహ్నం ఆయన నా షాపుకి వచ్చారు. మనిషి చిక్కిపోయారు. చేతిలో స్టాంపు కాగితం.

"శేషాచలంగారూ, మీకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తానండీ. నా జీతం నా తరఫున మీరు తెచ్చిపెట్టండి."

"చనిపోయినవారు రాసివ్వలేరండీ" అన్నాను. "యజమాని పోతే అధికారం కూడా పోతుంది. మీరే చెప్పారు."

"పోనీ, ఆ దండ తీసేస్తే?"

"నిర్ధారణలో ఉన్న సాక్ష్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించకూడదని మెమో ఉందండీ. కింద మీ సంతకం, ఎర్రసిరా గీత."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు. నాకూ జాలేసింది, కాఫీ పురమాయిద్దామని లేచాను. వెనక్కి తిరిగి చూసేసరికి, నా టేబుల్ మీది పళ్ళెంలోంచి మామిడిపండు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కొరికారు.

"ప్లాస్టిక్కండీ ఇది" అన్నారు, నా వైపు చూస్తూ, పసిపిల్లాడిలా.

"అవునండీ" అన్నాను.